బున్మా ఓడిపోవలసిన ఆదివారం

బ్యాంకాక్‌లో బున్మా పని ఓడిపోవడం. నవ్వకండి, నిజంగానే అదే పని. మామూలు రోజుల్లో సందు మొదట్లో నారింజ రంగు జాకెట్టు వేసుకుని, మోటారుసైకిలు మీద జనాన్ని రైలు స్టేషను దాకా దింపేవాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మాత్రం, సంత వెనకాల రేకుల షెడ్డులో, టికెట్టు కొనుక్కుని కూర్చున్న టూరిస్టుల ముందు, ఇంకో టూరిస్టు చేతిలో తన్నులు తిని కింద పడేవాడు.

ఆ షెడ్డూ, దాని వెనక బాక్సింగు శిబిరమూ షావుకారు కియత్‌వి. లావుపాటి మనిషి, మెడలో నాలుగు తాయెత్తులు, నోరు తెరిస్తే బూతు. ఊరు చూడ్డానికొచ్చే తెల్ల కుర్రాళ్ళకి ఆయన ఓ ఏర్పాటు పెట్టాడు. పగలు గుళ్ళూ మాల్సూ పడవ షికార్లూ, సాయంత్రం రెండు గంటలు మువాయ్ థాయ్, అంటే మోచేతులూ మోకాళ్ళూ కూడా వాడే అక్కడి బాక్సింగు. రెండు వారాలయ్యాక బరిలో అసలు సిసలు పోటీ. ఆ పోటీలో కుర్రాడు గెలవాలి. గెలిచి ఫొటో దిగాలి. ఆ ఫొటో చూసి వాళ్ళ దేశం నుంచి ఇంకో పదిమంది రావాలి. వాడు గెలవాలంటే ఎవడో ఒకడు పడాలిగా! ఆ పడే విద్యలో నలభై ఒక్కేళ్ళ బున్మాని మించినవాడు లేడు. ఎడమ డొక్కలో తన్ను పడగానే ఊపిరి ఆగినట్టు మొహం పెట్టి, మోకాళ్ళ మీద కూలబడి, మెల్లగా పక్కకి ఒరిగేవాడు. చూసేవాళ్ళు అయ్యో పాపం అనుకునేవారు.

అలాగని చేతకానివాడా అంటే కానే కాదు. బురీరమ్ వైపు పల్లెలో పుట్టాడు. తొమ్మిదో ఏట తల్లి పోతే పైబూన్ అనే గురువు తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకున్నాడు. అన్నం పెట్టిన చేత్తోనే కొట్టడం నేర్పాడు. తప్పు చేస్తే పేము బెత్తంతో పిక్కలు వాచగొట్టేవాడు. పదిహేనో ఏట ఓ పోటీలో ఎవడిదో మోకాలి పోటు తగిలి బున్మా పేగు పగిలింది. జిల్లా ఆసుపత్రిలో పొట్ట కోసి కుట్టారు. ఆ కుట్ల గీత ఇప్పటికీ బొడ్డు పక్కన తాడులా ఉంటుంది.

మరుసటేడు గుడి ఉత్సవంలో పక్క ఊరి కుర్రాడితో పోటీ. వాడి పెదవి చీలి రక్తం కారుతుంటే బున్మా జాలేసి రెండు గుద్దులు గుద్దకుండా వదిలేశాడు. గురువు చూశాడు. ఇంటికి తీసుకొచ్చి, వాకిట్లో గుంజకి కట్టేసి, వీపు తోలు లేచిపోయేదాకా బాదాడు. బాదుతూ ఆయనే ఏడ్చాడు. తరవాత తన తలపట్టీ తెచ్చి బున్మా రక్తపు చేతుల్లో పెట్టాడు. బరిలోకి దిగే ముందు గురువు శిష్యుడి తలకి పెట్టే మంత్రించిన పట్టీ అది.

"దీని ఎదట కావాలని పడనని ఒట్టు వెయ్యరా," అన్నాడు.

"పడను గురువుగారూ. చచ్చినా పడను."

ఆ ఒట్టు బున్మా మర్చిపోలేదు. మర్చిపోలేదు కాబట్టే, గురువు పోయాక గురుపత్ని సాయ్‌బువా ఆ పట్టీ తీసుకెళ్ళమంటే తీసుకోలేదు. "నాకింకా అంత యోగ్యత రాలేదమ్మా, నీ దగ్గరే ఉంచు," అని తప్పించుకున్నాడు. కియత్ షెడ్డులో పడేందుకు, సంతలో టూరిస్టులకి అమ్మే ఎర్ర దారాల పట్టీ ఒకటి కొనుక్కున్నాడు. దానికి గురువూ లేడు, మంత్రమూ లేదు. ఎన్నిసార్లు పడినా అడిగేవాళ్ళు లేరు. ఇలా ఆరేళ్ళు హాయిగా సాగిపోయింది.

ఈసారి వచ్చిన కుర్రాడి పేరు టోబియాస్. డెన్మార్క్‌లో వడ్రంగి పని చేసుకునేవాడు, పాతికేళ్ళు కూడా లేవు. కొబ్బరిచెట్టంత పొడుగు, ఎండకి కాలి ఎర్రబడ్డ ముక్కు, కాళ్ళకి ఏనుగు బొమ్మల లాగు. రోజూ హోటలు నుంచి శిబిరానికి బున్మాయే బండి మీద తీసుకొచ్చేవాడు. కుర్రాడు థాయ్‌లో మూడు మాటలు నేర్చుకున్నాడు. 'బాబాయ్', 'కారం వద్దు', 'నొప్పి లేదు'. ఆ మూడింటితోనే నగరమంతా తిరిగేశాడు. కార్ల మధ్య సందుల్లోంచి బండి దూరిపోతుంటే బున్మా భుజాలు పట్టుకుని "బాబాయ్! బాబాయ్!" అని అరిచేవాడు. కరెంటు స్తంభాల మీద చుట్టలు చుట్టలుగా ఉన్న వైర్లకి కూడా ఫొటోలు తీసేవాడు. ఓ రోజు తన ఫోన్‌లో వాళ్ళమ్మని చూపించాడు. తెల్లజుట్టు ఆవిడ, కుక్కపిల్లని పట్టుకుని నవ్వుతోంది. వాణ్ణి చూస్తే బున్మాకి ముచ్చటేసేది.

పోటీ ఏర్పాటు సంగతి మాత్రం వాడికి తెలీదు. నిజంగానే కొట్టి గెలవబోతున్నాననుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం సాయ్‌బువా రైలు దిగింది. సోమవారం ఆవిడకి కంటి ఆపరేషను. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి, మనుషులు నీడల్లా తప్ప ఆనడం లేదు. బున్మా తన గదిలో చాప వేశాడు. ఆ గది కియత్‌ది. వేసుకునే నారింజ జాకెట్టూ, ఎక్కే బండీ కూడా కియత్‌వే. ఒక్క ఆదివారం పడడం మానేస్తే మూడూ పోతాయి.

"రేపు నీ పోటీ ఉందిటగా! బోర్డు మీద నీ బొమ్మ కూడా వేశారుట. సందులో నూడుల్సు బండి పిల్ల చెప్పింది," అంది ముసలావిడ.

"అబ్బే, ఉత్తుత్తి ఆటలమ్మా. టూరిస్టుల కోసం. నువ్వు రాకు, ఉక్కగా ఉంటుంది."

"నాకు ఉక్క కొత్తేంట్రా? ముప్ఫై ఏళ్ళు మీ గురువు ఆటలకి వెళ్ళాను. నీ ఆటకి రానా?"

ఎలాగూ కళ్ళు కనపడవు, పడితే చూసేదేముందిలే అనుకుని సరేనన్నాడు.

ఆదివారం షెడ్డు నిండిపోయింది. బీరు సీసాలు, పైకెత్తిన ఫోన్లు, పీ అని సాగే సన్నాయి. కియత్ బున్మా చెవిలో గొణిగాడు.

"రెండో రౌండు. ఎడమ డొక్క. గుర్తుందిగా గాడిదా?"

"ఆరేళ్ళుగా పడుతున్నాను షావుకారూ, ఇవాళ కొత్తా?"

బున్మా ఎర్ర దారాల పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే కింద, తన మూల పక్కన, సాయ్‌బువా గొంతు వినిపించింది. నూడుల్సు బండి పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పాతకాలపు మనిషి, ఆడది బరి అంచు తాకకూడదని దూరంగానే ఆగింది. రెండు చేతుల మీదా తెల్లగుడ్డ మూట. మూలన నీళ్ళందించే వోన్ తాతని పిలిచి మూట ఇచ్చింది.

"ఆయన లేడు కదా నాయనా. ఆయన చెయ్యి అనుకుని నువ్వు పెట్టు మా వాడికి," అంది.

గుడ్డ విప్పగానే బున్మా ఎర్ర దారాల పట్టీని వీపు వెనక దాచేశాడు. చెమటకి నల్లబడ్డ అదే పట్టీ, వెనక అదే ముడి! వద్దు తాతా అనబోయాడు. అంతమందిలో గురువు పట్టీ వద్దని ఏ శిష్యుడంటాడు? వోన్ తాత మంత్రం గొణిగి తలకి పెట్టేశాడు. బున్మా పోటీకి ముందు ఆడే గురువందనం ఆట ఆడాడు. ఆరేళ్ళ తరవాత మొదటిసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడాడు. ఆట అవ్వగానే తాత పట్టీ తీసి, రివాజు ప్రకారం మూలస్తంభానికి తగిలించాడు.

మొదటి రౌండంతా బున్మా ఆ స్తంభం వైపు చూడకుండా నెట్టుకొచ్చాడు. టోబియాస్ చేతులు విసురుతున్నాడు, తన్నుతున్నాడు, నవ్వుతున్నాడు. ఒకటి రెండు గట్టిగానే తగిలాయి. పడదాం, పడితే పోలా, గురువు పోయి ఆరేళ్ళయింది, ఎవరు చూడొచ్చారు అని తనకి తనే చెప్పుకున్నాడు.

రెండో రౌండులో ఎడమ డొక్కలో తన్ను పడింది. బున్మా అలవాటుగా మోకాళ్ళ మీద కూలాడు. జనం గోలగోల. రిఫరీ అంకెలు మొదలెట్టాడు. పక్కకి ఒరగాలి, అంతే మిగిలింది. తల తిప్పితే ఎదురుగా స్తంభం మీద పట్టీ. వీపు మీద పాత చారలు భగ్గున మండినట్టయింది. ఎనిమిదో అంకెకి లేచి నిలబడ్డాడు.

టోబియాస్ సంబరపడిపోయి, పోటీ ఇంకా ఉందని గ్లవ్సు ముందుకి చాచాడు, ఆనించి పలకరిద్దామని. బున్మా ఆ చేతులు పక్కకి కొట్టేసి మోచేత్తో కనుబొమ మీద కోశాడు. చర్మం విచ్చుకుని రక్తం కంట్లోకి దిగింది. కుర్రాడికి అర్థం కాలేదు. బున్మా వాడి మెడ రెండు చేతులా పట్టి కిందకి లాగి పొట్టలో మోకాలు దించాడు, ఒకటి, రెండు, మూడు. కుర్రాడు తాగిన నీళ్ళన్నీ కక్కేశాడు.

"నొప్పి లేదు... బాబాయ్... నొప్పి లేదు," అన్నాడు రక్తం మింగుతూ.

ఆపాలి కదా రిఫరీ! ఆపలేదు. వాడూ ఏర్పాటులో మనిషే. ఇప్పుడు పడతాడు, ఇదిగో పడతాడు అని బున్మా వైపే చూస్తూ నిలబడ్డాడు, వెధవ. కింద నుంచి కియత్ "పడరా కుక్కా! పడరా!" అని గొంతు చించుకుంటున్నాడు. బున్మాకి ఆ అరుపు వినపడుతూనే ఉంది, వినపడిన కొద్దీ చెయ్యి ఇంకా బలంగా లేస్తోంది. ఆరేళ్ళుగా పడిన ప్రతి పాటుకీ కసి ఆ కుర్రాడి మొహమ్మీదే తీర్చుకున్నాడు. ముక్కు చితికింది. తాడుకి ఆనుకుని చేతులు దించేసినవాణ్ణి వదలకుండా దవడ కింద మోచెయ్యి వేశాడు. టక్కుమన్న చప్పుడు మూడో వరస దాకా వినిపించింది. టోబియాస్ నిలువునా పడి, కాళ్ళు కొట్టుకుని, కదలడం మానేశాడు. దవడ ఒక పక్కకి వేలాడుతోంది.

షెడ్డులో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో ఆడపిల్ల ఏడుస్తోంది.

అంబులెన్సు వచ్చి వెళ్ళింది. కియత్ అందరి ముందూ బున్మా చెంపలు వాయించాడు, కడుపులో తన్నాడు. బున్మా చెయ్యెత్తలేదు. జాకెట్టు లాగేసుకున్నారు, గదిలో సామాను తెచ్చి సందులో విసిరేశారు. బున్మాకి బాధ లేదు సరికదా, లోపల ఎక్కడో గర్వంగా ఉంది. పట్టీ గుడ్డలో చుట్టి రెండు చేతులా పట్టుకుని, నూడుల్సు బండి దగ్గర బల్ల మీద కూర్చున్న ముసలావిడ కాళ్ళ దగ్గర చతికిలపడ్డాడు.

"ఒట్టు నిలబెట్టానమ్మా," అన్నాడు.

సాయ్‌బువా ఎదర ఉన్న గిన్నె ముట్టుకోలేదు.

"ఆ పిల్లాడెవర్రా? బాబాయ్ బాబాయ్ అని ఏడిచాడు. నాకు కళ్ళే కనపడవు, చెవులు వినపడతాయి."

"టూరిస్టు. వాడి చేతిలో పడాలి నేను. అదే ఇక్కడ నా పని, నీకు చెప్పలేదు. కానీ గురువుగారి పట్టీ ఎదట ఎలా పడతానమ్మా?"

"ఎందుకు పడకూడదు? మీ గురువు పడ్డాడుగా."

బున్మా అర్థం కానట్టు చూశాడు.

"నీ పేగు పగిలిన ఏడు. ఆపరేషనుకి ఎక్కడా అప్పు పుట్టలేదు. ఆ పట్టీయే పెట్టుకుని వెళ్ళి, ఊళ్ళో మిల్లు యజమాని దగ్గర డబ్బు పుచ్చుకుని, అతని మనిషి చేతిలో మూడో రౌండులో పడ్డాడు. నువ్వు బతికావు. ఆయన మాత్రం ఏడాది పాటు అద్దంలో మొహం చూసుకోలేదు. ఆ మీదట నువ్వు గుద్దకుండా వదిలెయ్యడం కళ్ళారా చూశాడు. గుంజకి కట్టి కొట్టింది నిన్ను కాదురా, పిచ్చి నాన్నా. తనని తను కొట్టుకున్నాడు. దెబ్బలు నీకు పడ్డాయి."

బున్మా చెయ్యి దానంతటదే పొట్ట మీది కుట్ల గీత మీదికి పోయింది. గర్వం ఎటు పోయిందో పోయింది. కుక్కపిల్లని పట్టుకుని నవ్విన తెల్లజుట్టు ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడకి ఈపాటికి ఎవరో ఫోను చేసే ఉంటారు.

"మరి... మరి ఆ పట్టీ ఎందుకు తెచ్చావమ్మా?" అన్నాడు ఏడుపు ఆపుకోలేక.

ముసలావిడ తడుముకుంటూ వాడి తల మీద చెయ్యి వేసింది.

"నీకు దెబ్బ తగలకూడదని తెచ్చానురా. గెలవమని నేనెప్పుడన్నాను?"