రావల్కోల్‌లో ఒక కుట్టు మిషనుకు సోలార్ గిట్టుతుందా?

మీరు అబద్ధం చెప్పారు. ఇంటి మీద సోలార్ పెట్టించుకుని, చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ "బ్రహ్మాండం, బిల్లు సగమైంది" అని చెప్పిన మిమ్మల్నే అంటున్నాను. సగం కాలేదని మీకు తెలుసు. పోసిన డబ్బు పోయిందని ఒప్పుకుంటే పక్కింటివాళ్ళ ముందు చిన్నబోతామని ఆ మాట అన్నారు. మీ మాట నమ్మి, ఎత్తిన చిట్టి డబ్బు కొంగున కట్టుకుని కూర్చున్న మనుషులు ఊళ్ళలో ఉన్నారు. అందులో ఒకరు మా చెల్లెలు యాదమ్మ. ఈ ప్రయాణం ఆమె కోసం చేశాను, రాయడం మాత్రం మీ కోసం రాస్తున్నాను.

యాదమ్మది రావల్కోల్, మేడ్చల్ మండలం. బట్టలు కుడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బడి యూనిఫాంల ఆర్డరు ఉంటుంది. ఆమెతో కుట్టే ఇద్దరు ఆడవాళ్ళు మిషను కాళ్ళతో తొక్కుతారు. యాదమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. తొక్కుడు మానెయ్యమని డాక్టరు చెప్తే మిషనుకు మోటరు పెట్టించుకుంది. ఈ 2008 వేసవిలో ఆ ఊళ్ళో పగలు నాలుగైదు గంటలు కరెంటు ఉండటం లేదు. మోటరు ఆగితే ఆమె పని ఆగుతుంది. జూన్ పన్నెండున బడి తెరిచేలోగా జతలు అందకపోతే వచ్చే ఏడు ఆ ఆర్డరు ఇంకెవరికో పోతుంది. సరిగ్గా ఈ సమయానికి ఒక సోలార్ ఏజెంటు వాళ్ళింటికి వచ్చాడు. లక్షా ఇరవై వేలు పెడితే అయిదేళ్ళలో మొత్తం తిరిగొస్తుందన్నాడు.

"అన్నా, రేపు నాలుగు గొట్టంగ వస్తడట. ఇరవై అయిదు వేలు అడ్వాన్సు ఇయ్యమంటుండు. నాగారంల ఒక ఇంటికి, శామీర్‌పేటల ఒక కాడ పెట్టినం, పోయి సూసుకోండ్రి అని అడ్రసు రాసిచ్చిండు. నాకు మిషను ఇడిసిపెట్టి వచ్చే తీరిక లేదు. నువ్వు జర సూసి రాపో" అని ఫోన్ చేసింది.

నేనుండేది సుచిత్రలో. మర్నాడు పొద్దున ఏడింటికి బయల్దేరాను. తెల్లగా తెల్లవారినా చౌరస్తాలో హోర్డింగుల లైట్లు ఎవరూ ఆర్పలేదు. ఒక సబ్బు ప్రకటన మీద ఆరు పెద్ద లైట్లు. పాతిక కిలోమీటర్ల లోపల ఒక మనిషి ఫ్యాను తిరగక, మిషను నడవక కూర్చుంటే, ఇక్కడ సబ్బుకు సూర్యుడు చాలలేదు! సికింద్రాబాద్ దాకా ఒక బస్సు, అక్కడ నుంచి ఈసీఐఎల్ మీదుగా నాగారానికి ఇంకోటి. రెండింటికీ కలిపి ఇరవై రూపాయల లోపే. సమయం మాత్రం రెండు గంటలకు పైనే పట్టింది. తొమ్మిదిన్నరకు ఆ ఇల్లు దొరికింది.

ఇంటాయన పేరు వరప్రసాద్. భీమవరం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఆ కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. నన్ను చూడగానే తలుపు బార్లా తీశారు.

"సోలార్ చూడ్డానికేనాండీ? రండి రండి. ఈ నెల్లో మీరు నాలుగోవారు."

"బిల్లు ఎంత తగ్గిందండీ?"

"సగానికి సగం!"

వంటింట్లోంచి ఆయన భార్య పద్మావతి గారి గొంతు వినిపించింది. "ఎవరి బిల్లండీ? మనదేనా?"

"నువ్వుండవే."

"నేనుండబట్టే కడుతున్నాను. అది పెట్టకముందు అయిదొందల యాభై. పోయిన నెల ఆరొందల నలభై."

"పిల్లలు టీవీ ఎక్కువ చూస్తున్నారు సార్, అదీ సంగతి."

"పిల్లలు హాస్టల్లో ఉన్నారు" అందావిడ, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

ముగ్గురం మేడ మీదకు వెళ్ళాం. ప్యానెళ్ళు నైరుతి మూలన ఉన్నాయి. వాటికి తూర్పున మెట్ల గది, పడమట ఎత్తు దిమ్మె మీద నీళ్ళ ట్యాంకు. మధ్యలో, బావి అడుగున కూర్చున్నట్టు, ప్యానెళ్ళు. ఏప్రిల్ నెల, తొమ్మిదిన్నర ఎండలో నా మాడు పగులుతోంది, వాటి మీద మాత్రం చల్లని నీడ. ఈశాన్యం వైపు మేడంతా ఖాళీ, కళ్ళు తెరవలేనంత ఎండ. అక్కడ పాత చీర పరిచి పద్మావతి గారు వడియాలు పెట్టుకున్నారు.

"ఆ ప్యానెళ్ళ పక్కన కూడా చోటుంది కదమ్మా, ఇక్కడ పెట్టారేం?" అన్నాను.

"అక్కడ ఎండ రాదండీ. ఒకసారి పెడితే బూజు పట్టాయి."

వరప్రసాద్ గారి వైపు చూశాను. "మరి ప్యానెళ్ళే ఇక్కడికి మార్చొచ్చు కదా?"

"అమ్మమ్మ, ఈశాన్యమండీ! బరువు పెట్టకూడదు. వాస్తు ఆయన నైరుతి తప్ప ఇంకెక్కడా వద్దన్నారు."

"కంపెనీవాళ్ళు కాదనలేదా?"

"మీరు ఎక్కడంటే అక్కడ బిగిస్తామన్నారు. చాలా మంచివాళ్ళండీ."

కిందికి దిగి, ఇన్వర్టర్ పెట్టె దగ్గర నిలబడి, ఒక్క నిమిషం మెయిన్ ఆపమన్నాను. ఆపగానే బ్యాటరీ చార్జింగు లైటు ఆరిపోయింది. సోలార్ నుంచి ఎంత వస్తోందో చూపే సూది సున్నా దగ్గర పడుకునే ఉంది. మళ్ళీ మెయిన్ వేయగానే చార్జింగు లైటు వెలిగింది. అంటే ఇన్నాళ్ళూ ఆ బ్యాటరీని నింపుతున్నది ప్రభుత్వ కరెంటు! ఏ పదకొండు నుంచో ఒంటిగంట దాకా నడినెత్తి ఎండ వచ్చినప్పుడు ప్యానెళ్ళు నాలుగు చుక్కలు రాలుస్తాయి, మిగతా రోజంతా బ్యాటరీ మీటరు మీదే బతుకుతుంది. కోత సమయంలో ఫ్యాను తిరుగుతోంది కాబట్టి ఆయన అది సోలార్ అనుకున్నారు. బిల్లు పెరిగితే ఇంట్లో లేని పిల్లల మీద తోశారు. చదువుకున్న మనిషి, నెలనెలా జీతం లెక్క పైసాతో సహా చూసుకునే మనిషి, ఇంతింత డబ్బు పోసేటప్పుడు ఎండ ఎక్కడ పడుతుందని అడగలేదు, బరువు ఎక్కడ పడుతుందని అడిగారు. వడియాలు పెట్టే మనిషిని ఒక్క మాట అడిగినా తెలిసిపోయేది. ఆవిడను ఎవరూ అడగలేదు.

నాగారం నుంచి కీసర మీదుగా శామీర్‌పేటకు ఆటో మాట్లాడుకున్నాను, నూట యాభై. ఔటర్ రింగు రోడ్డు కోసం తవ్విన మట్టి మీదుగా గంట ప్రయాణం. ముక్కుకు రుమాలు కట్టుకోండి. రెండో అడ్రసు పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మే ఒక వెంచరు. పెద్ద గేటు, గేటు నుంచి లోపలికి వరసగా సోలార్ దీపాలు, వాచ్‌మన్ గది మీద ప్యానెళ్ళు, దాని గోడకు 'గృహ సోలార్ సబ్సిడీ' అని రాసిన బోర్డు. ఇళ్ళు మాత్రం లేవు. భూమి యజమాని జనార్దన్ రెడ్డి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు అదే చోట ద్రాక్షతోట వేసిన కుటుంబం.

"ఇండ్లేవి?" అన్నాను.

"ఇండ్లు యాడికెల్లి వస్తయే అన్నా? ఇంక సగం ప్లాట్లే అమ్ముడువోలే."

"మరి ఇంటి సోలార్‌కిచ్చే సబ్సిడీ నీకెట్ల వచ్చింది?"

"వాచ్‌మన్ రూమున్నది గదా, గది ఇల్లు కాదా? కాగితాలున్నయి, పెట్టిన, వచ్చింది."

"కరెంటు మంచిగ వస్తాందా?"

"కరెంటెవనిక్కావాలె? ప్లాటు కొనేటోడు పెండ్లాం పిల్లలతోటి ఆడ నిలబడి ఫోటో దిగాలె. చాయ్ తాగుతవా?"

చాయ్ తాగాను. ఆ రోజు నాతో నిజం చెప్పిన మొదటి సోలార్ యజమాని అతనే. కానీ నాకు యాదమ్మ ఇల్లు గుర్తొచ్చింది. అది గ్రామకంఠం భూమిలో, అంటే పాతకాలం నుంచీ ఊరి ఇళ్ళకు వదిలిన ఉమ్మడి స్థలంలో ఉంది. వాళ్ళ మామ కట్టిన ఇల్లు, మూడు తరాలు అందులో బతికాయి, పట్టా కాగితం మాత్రం లేదు. కాగితం లేని ఇంటికి సబ్సిడీ రాదని ఏజెంటు ముందే చెప్పి పూర్తి ధర రాశాడు. మనుషులు లేని వెంచరు ఇల్లయింది, మనుషులున్న ఇల్లు ఇల్లు కాకుండా పోయింది.

శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు షేర్ ఆటో పది రూపాయలు. మేడ్చల్‌లో ముప్పై రూపాయలకు భోజనం చేసి, ఎదురుగా ఉన్న ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగాను. ఒక మోటరు, ఒక లైటు నడిపేంత చిన్న ప్యానెలు, బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్ కలిపి ఇరవై రెండు వేలన్నాడు. "తెప్పియ్యాలంటే రెండు నెలలు పడ్తది సార్. చిన్నయి ఎవ్వరు స్టాకు పెడ్తలేరు, కమీషన్ రాదు." అక్కడ నుంచి రావల్కోల్‌కు ఎనిమిది రూపాయలు. మూడింటికి చేరాను.

యాదమ్మ మిషను ఆపకుండానే విన్నది. నేను లెక్క చెప్పాను. "మీ ఇంటి బిల్లు నెలకు రెండొందల యాభై. మొత్తం బిల్లు మాఫీ అయినా ఏడాదికి మూడు వేలు. లక్షా ఇరవై వేలు తిరిగి రావడానికి నలభై ఏళ్ళు."

"బిల్లు తగ్గాలని నీకెవరు చెప్పిండ్రు?" అంది. "కరెంటు వోతె దినానికి మూడు జతలు ఆగుతున్నయి. జతకు నలభై. గీ రెండు నెలల్ల ఎంతైతదో గది లెక్కగట్టు."

కట్టాను. ఏడు వేల రెండు వందలు. మేడ్చల్ చిన్న ప్యానెలుకు మూడు వేసవులు చాలు. ఏజెంటు చెప్పిన పెద్దదానికి పదహారేళ్ళు దాటతాయి, ఈలోగా బ్యాటరీలు మూడుసార్లు చస్తాయి. నేను పొద్దుటి నుంచీ తప్పు లెక్క మోసుకు తిరిగాను.

నాలుగింటికి ఏజెంటు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, రంగుల కాగితం. "ఫ్రిజ్, టీవీ, మిక్సీ అన్నీ నడుస్తాయమ్మా" అన్నాడు.

"మా ఇంట్ల ఫ్రిజ్ లేదు బిడ్డా. గది గుడ ఇస్తవా?" అంది యాదమ్మ. పక్క మిషన్ల మీది ఆడవాళ్ళిద్దరూ నవ్వారు. "ఒక మిషను, ఒక బలుబు. గంతే గావాలె."

"అంత చిన్నది మా కంపెనీ చెయ్యదమ్మా."

నేను అందుకున్నాను. "నాగారంలో నువ్వు పెట్టిన ప్యానెళ్ళు నీడలో ఉన్నాయి. తెలుసా?"

"తెలుసు సార్. కస్టమర్ సెంటిమెంటు మనం కాదనకూడదు."

"తెలిసి కూడా ఆ అడ్రసే ఈమెకు రాసిచ్చావా?"

"ఇవాళే బుక్ చేస్తే అయిదు వేలు తగ్గిస్తాం సార్" అన్నాడు, రంగుల కాగితం ఇంకో పేజీ తిప్పి.

అప్పుడే కరెంటు పోయింది. యాదమ్మ లేచి, మోటరు బెల్టు ఊడదీసి, పాత తోలు బెల్టు చక్రానికి తగిలించింది. "నువ్వు పోయిరా బిడ్డా, నా కాడ పైసలు లెవ్వు" అని ఏజెంటుకు చెప్పి తొక్కడం మొదలుపెట్టింది. ఒక్కో తొక్కుడుకూ పెదవి కొరుక్కుంటోంది. ఆగమ్మా, డాక్టరు వద్దన్నాడు కదా అన్నాను. తల ఎత్తలేదు.

"జూన్ పన్నెండు నువ్వు ఆపుతవా అన్నా?"

 ఏజెంటు చేతికి పోకుండా చిట్టి డబ్బు మిగిలింది, అందులోంచే చిన్న ప్యానెలుకు మేడ్చల్‌లో డబ్బు కట్టేశాం. అది వచ్చేసరికి బడి తెరుస్తారు, ఈ వేసవి మాత్రం ఆమె మోకాళ్ళ మీదుగానే గడుస్తుంది. సోలార్ మోసమని నేననడం లేదు. చిన్న అవసరాన్ని చూడటానికే ఇష్టపడని వ్యాపారం, బతుకును వదిలి కాగితాన్ని నమ్మే ఆఫీసు, నష్టపోయి కూడా నోరు విప్పని మీ పరువు, ఈ మూడూ కలిసి చేసిందే మోసం. మీరు ఎవరింటి సోలార్ చూడ్డానికి వెళ్ళినా పొద్దున తొమ్మిదింటికి వెళ్ళండి. మేడ మీద నీడ ఎక్కడ ఉందో చూడండి. కిందికి దిగి మెయిన్ ఆపించి, చార్జింగు ఆగుతుందో లేదో చూడండి. మీరు తెప్పించుకునేదాని ధరను మీ బిల్లుతో కాక, కోతల్లో ఆగిపోయే మీ పనితో భాగించండి.

ఇవి నా డిమాండ్లు:

నీడలో ప్యానెళ్ళు బిగించిన కంపెనీ సొంత ఖర్చుతో వాటిని ఎండలోకి మార్చాలి.

అమ్మేముందు రోజుకు ఎంత కరెంటు వస్తుందో రాసి సంతకం పెట్టాలి.

ఒక మిషను, ఒక దీపం నడిపే చిన్న సోలార్‌కూ సబ్సిడీ ఇవ్వాలి, మేడ్చల్ దుకాణాల్లో అది నిల్వ ఉండాలి.

గ్రామకంఠం ఇళ్ళకు కరెంటు మీటరు రసీదునే రుజువుగా తీసుకోవాలి.

పగలు వెలిగే హోర్డింగుల కనెక్షన్లు పీకెయ్యాలి.

జూన్ పన్నెండు దాకా పగటి పూట ఊళ్ళకు కరెంటు తీయకూడదు.