నాలుగు ఆవులు, ఒక బోరు

మా ఊరు ఉద్దనపల్లికి దగ్గర. ఈడ బోరు ఎట్ల ఏయించాలో తెలియనోడు ఒక్కడూ లేడు. మూడో తరగతి తప్పినోడు కూడా భూమిలో అయిదునూర్ల అడుగుల కింద ఏముందో నిలబడిన చోటే చెప్పేస్తాడు. తన ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం పెండ్లాం చెప్తేనే తెలుస్తుంది. ఇంతమంది పండితుల మధ్య పుట్టి పెరిగినోణ్ణి, హోసూరులో కంపెనీకి పోయి షిఫ్టు చేసేవోణ్ణి, నాకు మాత్రం తెలియకుండా పోతుందా?

పోయిన ఎండాకాలం మా పాత బోరు నీళ్ళు మానేసి గాలి కక్కింది. ఇంట్లోకి పంచాయతీ కొళాయి ఉంది, దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది, ఎట్లో సర్దుకుంటాము. కష్టమంతా ఆవులకు. మా యమ్మకు నాలుగు ఆవులు. ఎర్రది, నల్లది, చుక్కలది, కొమ్ము విరిగినది. మా నాయన పోయినాక ఆ పాలతోనే నన్ను చదివించింది. ఇప్పుడు నా జీతం వస్తా ఉన్నా ఆమె చేతిలో ఆడే దుడ్లు ఆ పాల దుడ్లే. ఎండాకాలం ఆ దుడ్లన్నీ ట్యాంకరోడికి పోసినాము.

"ఇట్లయితే సంతకు తోలాల్సిందేనప్పా" అనింది మా యమ్మ ఒక పొద్దు. ఆ మాట చెప్పి కొట్టంలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. నేనే లోపలికి పోయినాను. "నేనుండేదాకా నీ ఆవులు యాడికీ పోవు. బోరు ఏయిస్తా" అన్నాను. మొగోడి మాట కదా, ఖర్చు లేకుండా వచ్చేది అదొక్కటే.

మొదట టెంకాయతో నీళ్ళ జాడ చెప్పే ఆయప్పను పిలిపించినాను. వేప్పనపల్లి పక్కనుంచి వచ్చినాడు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో పండబెట్టుకొని చేనంతా తిరిగినాడు. తూర్పు గట్టు దగ్గర టెంకాయ లేచి నిలబడింది. "మూడు ఇంచుల నీళ్ళు!" అన్నాడు. ఆయప్ప బొటనవేలు దాన్ని ఎత్తింది నేను కండ్లారా చూసినాను. చూసీ చూడనట్లు ఉండినాను. దేవుడికి కూడా కొంచెం చేసాయం కావాల కదా.

తర్వాత మా మామ, మా యమ్మ తమ్ముడు, పిలవకుండానే వచ్చినాడు. ఈశాన్యం మూల తప్ప ఇంకోచోట ఏస్తే వంశానికి మంచిది కాదన్నాడు. ఆయన తన చేన్లో మూడు బోర్లు ఈశాన్యంలోనే ఏయించినాడు. మూడూ ఎండిపోయినాయి, వంశం మాత్రం దివ్యంగా ఉంది.

నేను చదువుకున్నోణ్ణి కాబట్టి క్రిష్ణగిరి నుంచి మిషను ఆయప్పను కూడా తెప్పించినాను. నేలలో ఇనుప కడ్డీలు నాటి, వైర్లు లాగి, కంప్యూటరులో రంగులు చూపించినాడు. నీలం ఉండే చోట నీళ్ళంట. పడమర పక్క గుర్తు పెట్టి రిపోర్టు చేతికిచ్చినాడు. కింద చిన్న అక్షరాల్లో, నీళ్ళు పడకపోతే మాకు సంబంధం లేదు అని రాసుండింది. దాంట్లో నాకు పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ముగ్గురూ పట్టుబట్టినారు. టెంకాయ ఆయప్ప మాట తీసేస్తే ఊరోళ్ళు ఊరుకోరు. మామ మాట తీసేస్తే మా యమ్మకు పుట్టింటి దారి మూసుకుంటుంది. మిషను ఆయప్పకు దుడ్లిచ్చింది నేను. బాగా ఆలోచించి, మూడు గుర్తులకూ సరిగ్గా నడిమధ్య నిలబడి, సున్నంతో గుండ్రంగా గీసినాను. "ఈడ ఏస్తాము" అన్నాను. ముగ్గురికీ సమానం. ఎవురూ అలగలేదు. ఎవురూ చూపించని చోట బోరు ఏయించిన మొనగాణ్ణి ఈ తాలూకాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా యమ్మ మాత్రం సున్నం గుండ్రాన్ని చూసి, "ఈడ ఏముందప్పా?" అని అడిగింది.

"న్యాయం ఉందిమా" అన్నాను.

బోరు బండి ఏజెంటు తమిళంలో తేనె పూసినట్లు మాట్లాడినాడు. అడుక్కింత అని రేటు. మూడునూర్లు దాటితే ఇంకో రేటు, ఆరునూర్లు దాటితే మరో రేటు. పైన మెత్తని మన్ను కూలకుండా దించే కేసింగ్ పైపుకు వేరే. పనోళ్ళ తిండి ఖర్చుకు బేటా వేరే. పూజకు నిమ్మకాయలు, కర్పూరం, కోడి, అవీ మనమే. నా దగ్గరుండే దుడ్లు అయిదునూర్ల అడుగులకు సరిపోతాయి. "అయిదునూర్లకు ఆపేస్తానుమా, ఒట్టు" అని మా యమ్మకు మాటిచ్చినాను.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టినారు. ఊరంతా చేరింది. పెండ్లికి పిలిస్తే రానోళ్ళు కూడా వచ్చినారు. తెల్లటి దుమ్ము లేచి అందరి తలలూ ఒకటే రకంగా నెరిసినాయి. నాలుగునూర్ల దగ్గర ఒకడు "తడి! తడి!" అని ఎగిరినాడు. అది దుమ్ము అణచేదానికి పనోడు కుమ్మరించిన బిందె నీళ్ళు.

అయిదునూర్లయింది. దుమ్మే. ఆపాల. ఒట్టు పెట్టినాను. అయితే ఏజెంటు "ఈడ ఆపితే ఇంతవరకూ పెట్టింది మన్నులో పోసినట్లే సార్, బండి పోతే మళ్ళీ రాదు" అన్నాడు. "మా బావమరిదికి ఏడునూర్ల ఇరవైలో పడింది" అని ఒకడు. "మా చిన్నాయనకు ఎనిమిదినూర్లలో" అని ఇంకొకడు. మా చుట్టుపక్కల ప్రతి మనిషికీ ఎంతో లోతులో ఒక చుట్టం ఉంటాడు.

ఆ గుంపులో ఆవుల బేరగాడు కూడా ఉండినాడు. ఎవురి బోరు ఏస్తా ఉన్నా తప్పకుండా వస్తాడు, నీళ్ళు చూసేదానికి కాదు. "నల్లదాన్ని నేను పట్టుకుంటానప్పా, దుడ్లు ఇప్పుడే" అన్నాడు మెల్లిగా. నేను మా యమ్మ దగ్గరికి పోయినాను. "ఒక్కటేమా. మిగిలిన మూడింటికీ నీళ్ళొస్తాయి."

 ఆమె తనే పోయి నల్లదాన్ని విప్పింది. మా పక్క ఆవును అమ్మితే మెడ పలుపు ఇయ్యరు, ఇస్తే ఇంట్లో లక్ష్మి దాని వెంటే పోతుందంటారు. బేరగాడు వేరే తాడు కట్టినాడు. మా యమ్మ ఆ పలుపును భుజం మీద ఏసుకొని వచ్చి కూర్చునింది.

ఆరునూర్ల యాభైకి చుక్కలది పోయింది. రెండో పలుపు భుజం మీదికొచ్చింది. అప్పటికి ఏజెంటు బతిమాలడం మానేసినాడు, ఊరోళ్ళు కూడా టీ తాగేదానికి పోయినారు. ఇంకో నూరు, ఇంకో నూరు అనేది ఇప్పుడు నేనే. ఎవుడో నెట్టి చేయించినట్లు చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఎవుడూ నెట్టలేదు. ఎనిమిదినూర్లకు ఎర్రదాన్ని విప్పమని అడిగినప్పుడు మా యమ్మ నా మొగం పక్క కూడా చూడలేదు. ఎర్రది వాకిలి దాటేదానికి మొరాయించింది, ఇద్దరు పట్టి తోసినారు. నేను బోరులోకి దిగే రాడ్లు లెక్కపెట్టేవోడి మాదిరి అటు తిరిగి నిలబడినాను.

ఎనిమిదినూర్ల డెబ్బై దగ్గర శబ్దం మారింది. దుమ్ము ఆగింది. బూడిద రంగు బురద ఎగజిమ్మింది, దాని వెనకే నీళ్ళు! టీ కొట్టు నుంచి ఊరంతా పరుగెత్తుకొచ్చింది. ఈలలు, కేకలు. నేను ఆ బురదలో తడిసి పిచ్చోడి మాదిరి నవ్వినాను, ఏడ్చినాను కూడా. మామ "ఈశాన్యానికి ఇది ఎంత దూరం? అదే జల!" అన్నాడు. టెంకాయ ఆయప్ప ఫోన్లోనే తన గెలుపు చెప్పుకున్నాడు. ఏజెంటు నీళ్ళు కొలిచి, "ముప్పావు ఇంచు" అన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే, అయినా ఎలుకైనా దొరికింది కదా అనుకున్నాను. నాలుగు ఆవులకు చాలే నీళ్ళు అవి.

నేను కండువా పిండుకుంటా ఉంటే ఏజెంటు దగ్గరికొచ్చినాడు. "ఇంత లోతుకు పెద్ద మోటరు కావాల సార్. పైపు, కేబులు, స్టార్టరు పెట్టె…" అని రేట్లు చెప్పినాడు. బోరు తవ్వితే నీళ్ళు తమంతట తామే పైకి రావని నాకు తెలియక కాదు. ఆ లెక్క అంతవరకూ ఎవురూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బేరగాడు ఇంకా పోలేదు. కొట్టంలో కొమ్ము విరిగినదాని పండ్లు చూస్తా ఉండాడు.

నేను మా యమ్మ పక్క తిరిగినాను. సిగ్గు లేకుండా నోరు తెరిచినాను కూడా.

ఆమె లేచి పోయి ఆవు మెడ పట్టుకొని నిలబడింది. "ఆవులకు నీళ్ళు కావాలనే కదప్పా ఇది ఏయించినావు?" అనింది. గొంతులో కోపం లేదు, ఉండింటే ఎంతో బాగుండేది. "దీన్ని కూడా తోలేస్తే, ఆ నీళ్ళు తాగేదానికి ఇంక ఎవురుండారు చెప్పు?"