బుల్లమ్మ తొక్కిన ఒండ్రు

బుల్లమ్మత్త మంత్రగత్తె అని, వాగొడ్డున ఏదో చల్లి, గుండ్రంగా తిరిగి, పచ్చికను చంపిందని సుక్మా సంతలో కూడా చెప్పుకున్నారు. కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరున్నారట. చూసినదాన్ని నేను కూడా.

ఆమె మా ఊరి బర్రెలు కాసేది. వానలు తగ్గి వాగొడ్డున ఒండ్రు తేలగానే మందను అక్కడికి తోలేది. గిట్టలు ఒండ్రును గుల్ల చేసేవి. పేడ పడేది. ఇరవై రోజులకు పచ్చిక లేచేది. ఎండాకాలమంతా ఊరి గొడ్లు బతికేది దాని మీదే.

కొండ మీద గని వచ్చాక వాగు ఎర్రబారింది. ఒండ్రు ఎండితే పెంకులా గట్టిపడేది. ఆ నీళ్ళు తాగి మూడు బర్రెలు చచ్చాక, మందను ఒడ్డుకు తోలొద్దని ఊరు కట్టడి చేసింది. ఆ ఏడు పచ్చిక రాలేదు. మరుసటేడూ రాలేదు. మేత లేక గొడ్లకు డొక్కలు తేలాయి.

"పచ్చిక మట్టిల నుంచి రాదే పిల్లా, గిట్టల కింద నుంచి వస్తది," అంది అత్త ఒకసారి. "గొడ్డును తోలనియ్యరు. నా కాళ్ళకు కట్టడి లేదు గద!"

ఒక పొద్దున చెలమ నీళ్ళకు పోతూ చూశాను. అత్త ఒడ్డున బుట్టలోంచి పేడ తీసి చల్లుతూ, మడమలతో కుమ్ముతూ గుండ్రంగా తిరుగుతోంది. అలవాటు కొద్దీ "హో... హో..." అని లేని బర్రెలను అదిలిస్తోంది. నాకు నవ్వొచ్చింది. పలకరించకుండా వచ్చేశాను.

ఆ వారంలోనే మా కాశయ్య పెదనాయన పాడి బర్రె చచ్చింది. పచ్చిక రాకపోవడమూ, ఈ చావూ అత్త మంత్రమేనని పంచాయితీ కూర్చుంది.

"ఏంది బుల్లమ్మా, ఒడ్డు మీద ఎవరిని పిలుస్తున్నవ్?" అన్నాడు పెదనాయన.

"బర్రెలను."

"కనపడని బర్రెలా? పాలెన్ని ఇస్తయ్?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"పేడ చల్లి తొక్కుతున్న అన్నా. నమ్మకుంటే వచ్చి సూడు."

"నీ ఎంబడి వచ్చి నేను సావాల్నా?"

అత్త చూపు గుంపంతా తిరిగి నా దగ్గర ఆగింది. "ఈ పిల్ల సూసింది. అడుగు."

అందరూ నావైపు తిరిగారు. ఎనిమిదిలో బడి మానినప్పటి నుంచి నలుగురిలో నోరు తెరిచి ఎరగను. తల వంచుకున్నాను.

"సూడలేదంట," అన్నాడు పెదనాయన.

ఊరు విడిచి పొమ్మన్నారు. మర్నాడు అత్త గీదం బస్సెక్కింది. బర్రెలు తోలే కర్రను మా వాకిట్లో ఆనించి పోయింది.

భయంతో ఇప్పుడు ఒడ్డుకు ఎవరూ పోవడం లేదు. ఆమె వెళ్ళిన ఇరవై రోజులకు నేను పోయాను. ఒడ్డంతా ఎర్రటి పెంకు. ఆమె తొక్కినంత మేర, మా వాకిలంత చోట, పచ్చిక మొలిచింది.