కొండ మీద వేసిన నెపం

గేటాయన అడ్డగడ దించాడంటే లోయలో ఎవరూ మారుమాట్లాడరు. లారీ డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి, చేతులు రుద్దుకుంటూ టీ కొట్టు వైపు నడుస్తారు. ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళూ, కోర్టు వాయిదా ఉన్నవాళ్ళూ అందరూ ఆకాశాన్ని తిడతారు తప్ప ఆయన్ని తిట్టరు. అంత నమ్మకం! ఏ మనిషి మీదా అంత నమ్మకం పెట్టుకోకూడదని నాకు ఎప్పటినుంచో అనిపిస్తుంది గానీ, నా మాట ఎవరు వింటారు?

ముందు ఆ రోడ్డు సంగతి చెప్పాలి. లోయ అంచు నుంచి కొండ మీది కనుమ దాకా అది ఒక్క బండి వెడల్పే. ఎదురుబండి వస్తే తప్పుకునే చోటు లేదు. ఒక పక్క రాయి, ఇంకో పక్క గాలి. అందుకని కింద ఒక గేటు, పైన ఒక గేటు. బండ్లు విడతలు విడతలుగా వెళ్తాయి. విడతలో ఆఖరి బండి చేతికి ఎర్రరంగు వేసిన మూరెడు కర్ర ఒకటి ఇస్తారు. ఆ కర్ర అవతలి గేటుకి చేరితే దారి ఖాళీ అయిందన్నమాట. అప్పుడు అక్కడివాళ్ళు బయల్దేరతారు, వాళ్ళ ఆఖరి బండి అదే కర్రని తిరిగి తెస్తుంది. కర్ర ఎక్కడుంటే ఆ గేటే తెరుచుకుంటుంది. ఫోనూ ఉంది గానీ, గాలి కాస్త గట్టిగా వీస్తే ముందు తెగేది దాని తీగే. సెల్‌ఫోన్లకి బజారు దాటితే సిగ్నలు ఉండదు. కాబట్టి చలికాలమంతా దారి మంచిచెడ్డలు ఆ కర్ర మీదే ఆధారపడతాయి.

గేటు పక్కనే రెండు గదుల ఇల్లు. తండ్రి కాలం నుంచీ అదే ఇల్లు, అదే పని. తండ్రి పోయాక అన్నాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలికి సంబంధాలు రాకపోలేదు. ఒకడికి తాగుడన్నాడు, ఒకడికి కోపమన్నాడు, మూడోవాడిలో ఏ లోపమూ దొరక్కపోతే వాడి తల్లిలో వెతికాడు. అలా అలా ఆమెకి నలభై దాటింది. కిటికీ దగ్గర కుట్టుమిషను పెట్టుకుని డ్రైవర్లకి చిరిగిన సీటు కవర్లు, టార్పాలిన్లు కుట్టి ఇస్తుంది. ఆమె కుట్టు వేస్తే గుడ్డ చిరగాలి తప్ప కుట్టు ఊడదని లారీవాళ్ళు చెప్పుకుంటారు.

సోమవారం పొద్దున సన్నగా మంచు పడింది, మధ్యాహ్నం ఎండ కాసింది, సాయంత్రానికి మళ్ళీ మబ్బు కమ్మింది. బజారుకి వెళ్ళొచ్చిన చెల్లెలు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే అంది:

"అన్నయ్యా, నాకు ఉద్యోగం వచ్చింది."

"ఎవరిచ్చారే?"

"కొండవతల పెద్దాసుపత్రి వాళ్ళు. దుప్పట్లు, గౌన్లు కుట్టే గదిలో. ఉండటానికి గది కూడా ఇస్తారంట. శుక్రవారం సాయంత్రంలోపు చేరాలి. లేకపోతే నా తర్వాత ఉన్నామెకి ఇచ్చేస్తారంట."

"నాకు ఒక్క ముక్క చెప్పకుండా అడిగొచ్చావా?"

"చెప్తే వద్దంటావని."

"నేనెప్పుడైనా వద్దన్నానా?"

ఆమె నవ్వింది. "వద్దనవులే. మోకాలు నొప్పంటావు."

ఆయనకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా పైకి నవ్వాడు. ఆఖరి విడత అప్పటికే పైకి వెళ్ళిపోయింది. రేపు మొదటి విడతలో వెళ్దువులే, నేనే ఎక్కిస్తానన్నాడు. ఆ రాత్రి ఆమె పెట్టె సర్దుకుంటుంటే తన పాత ఉన్ని శాలువా తెచ్చి అందులో పెట్టాడు కూడా. అదేమీ నటన కాదు. ప్రేమ లేదని ఎవరన్నారు? ప్రేమ ఉంది కాబట్టే ఇంత చెరుపు జరిగింది.

మంగళవారం లోయలో వాన, కనుమలో మంచు. తెల్లారేసరికి ఫోను తీగ తెగింది. సోమవారం విడత మోసుకెళ్ళిన కర్ర పైనే ఉండిపోయింది. బుధవారం వాన తగ్గింది గానీ, పొగమంచు ఏటి మీంచి లేచి గేటుని, రోడ్డుని, టీ కొట్టుని మింగేసింది. అడ్డగడ ఈ చివర నిలబడితే ఆ చివర కనపడలేదు. చెల్లెలు బయల్దేరడానికి తయారై, పెట్టె మీదే కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

"ఈ కొండకి నా మీద ఏం పగ అన్నయ్యా?"

"కొండకి పగలేంటే పిచ్చిదానా? రేపు విడుస్తుందిలే. వేడివేడిగా టీ తాగు."

ఆ రెండు రోజులూ ఆయన ఎంత మంచిగా ఉన్నాడో చెప్పలేను. టీ ఆయనే పెట్టాడు, రొట్టె ఆయనే కాల్చాడు, ఆమె నిట్టూర్చినప్పుడల్లా తనూ నిట్టూర్చాడు. మనకి కావలసిన పని వానా మంచూ చేసిపెడుతుంటే మంచివాడిగా ఉండటం ఏమంత కష్టం?

గురువారం తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కొండ మీద ప్రతి రాయీ విడివిడిగా కనిపిస్తోంది. చెల్లెలు పొద్దున్నే లేచి, ఆసుపత్రి వాళ్ళకి ఫోన్ చేసి ఒక్క రోజు గడువు అడుగుతానని అడ్డదారిన బజారుకి పోయింది. ఆమె అటు వెళ్ళగానే పైనుంచి పాలబండి దిగింది. వెనకా ముందూ ఇంకో బండి లేదు, టీ కొట్టు ఇంకా తెరవలేదు. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి కర్ర ఆయన చేతిలో పెట్టాడు.

"రోడ్డు బ్రహ్మాండంగా ఉంది గేటాయనా. మధ్యాహ్నం దాకా ఢోకా లేదు, ఈలోపు ఎంతమందినైనా పంపించమన్నాడు పైగేటు ముసలాయన."

అని, గేటు దిగువనే చీలిన దారిలో ఏరు దాటి పాలకేంద్రానికి వెళ్ళిపోయాడు. ఆ దారిన పోయే బండి బజారులో ఎవరి కంటా పడదు.

గేటాయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో పొయ్యి మండుతోంది. గోడ వారగా ఆమె పెట్టె, మూత బిగించి తాడు కట్టి ఉంది. రేపు ఈపాటికి ఈ ఇంట్లో తను ఒక్కడే. ఒంటరిగా తినాలి, ఒంటరిగా దగ్గాలి, ఈ రోజు ఫలానా డ్రైవరు ఫలానా మాటన్నాడని చెబితే నవ్వేవాళ్ళుండరు. ఇదంతా ఆయనకి ఒక్కసారిగా గుండెల మీద కూర్చుంది. తనకి తను మాత్రం వేరే చెప్పుకున్నాడు: ఆడమనిషి, ఒంటరిగా, కొత్త ఊరు, దానికేం తెలుసు పాపం. మనిషి తన భయానికి ఎదుటివాళ్ళ చొక్కా తొడగడంలో ఎంత నేర్పరో చూడండి! ఇంటి వెనక్కి వెళ్ళి, కర్రని కట్టెల మోపు లోపలికి తోసేశాడు. కాసేపాగి తీద్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

చెల్లెలు రొప్పుతూ వచ్చింది. "గడువు ఇవ్వరంట. అయినా ఆకాశం విడిచిందిగా! కర్ర వచ్చిందా అన్నయ్యా?"

"రాలేదే."

అంతే. ఒక్క మాట. ఈలోపు రొట్టెల లారీ వచ్చింది, ఒక వ్యాను నిండా మనుషులు వచ్చారు. అందరికీ అదే మాట చెప్పాడు. మొదటిసారి గొంతు కాస్త తడబడింది, రెండోసారికి సర్దుకుంది. రొట్టెల డ్రైవరు కొండ వైపు చూసి, "ఇంత తెరిపిగా ఉందే!" అన్నాడు గానీ, "గేటాయనకి తెలీదా ఏంటి?" అని తనే సర్దిచెప్పుకుని బండి తిప్పాడు. పొద్దున్నే బయల్దేరి ఉంటే మధ్యాహ్నం కాకముందే కనుమ దాటి అవతల దిగేవాళ్ళు. ఎవరూ బయల్దేరలేదు.

మధ్యాహ్నం దాటాక పడమటి కొండ వెనకనుంచి మబ్బు వచ్చింది చూడండి, అరగంటలో లోయకి పగలు లేకుండా పోయింది. చేటలతో కుమ్మరించినట్టు మంచు. టీ కొట్టులో అందరూ గేటాయన్ని ఆకాశానికెత్తేశారు. గాలి వాసన చూసి చెప్తాడన్నారు, మన ప్రాణాలు కాపాడాడన్నారు. రొట్టెల డ్రైవరు ఆయన చేతులు పట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఆయన కిక్కురుమనకుండా ఆ పొగడ్తలన్నీ పుచ్చుకున్నాడు. ఇంటికొచ్చాక చెల్లెలు కూడా అంది: "నువ్వు చెప్పింది నిజమే అన్నయ్యా. వెళ్ళుంటే ఏమయ్యేదో." ఆయన అన్నం ముందు కూర్చుని తల ఊపాడు.

శుక్రవారమంతా మంచు కురుస్తూనే ఉంది. సాయంత్రం అయింది. గడువు దాటింది. ఆమె ఏడవలేదు. పెట్టె తాడు విప్పి, బట్టలు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ అరలో పెట్టుకుంది. ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పోనీలేవే. ఏది జరిగినా మన మంచికే."

"అంతేలే," అంది ఆమె.

ఆ 'అంతేలే' విని ఆయన హాయిగా నిద్రపోయాడు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. కనీసం ఆ రాత్రైనా నిద్ర పట్టకపోయుంటే ఎంతో కొంత సానుభూతి చూపించేదాన్ని.

శనివారం మంచు కాస్తా చిత్తడి వానగా మారింది. మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. పాలబండి డ్రైవరు చిరిగిన టార్పాలిన్ చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు. పాపం, అతను గురువారం నుంచీ కిందే చిక్కుకుపోయాడు.

"అక్కా, ఇది కాస్త కుట్టిపెట్టు. అరె, నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటి? ఉద్యోగం వచ్చిందని అవతల విన్నా, వెళ్ళిపోయుంటావనుకున్నా!"

"ఎలా వెళ్ళను తమ్ముడూ? కొండ విడిస్తేగా?"

"గురువారం విడిచిందిగా! రోడ్డు అద్దంలా ఉందే. పొద్దున్నే నేను దిగి, కర్ర అన్న చేతికే ఇచ్చి వెళ్ళాను..."

అని ఆగిపోయాడు. ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది. అతను ఇద్దరి మొహాలూ చూసి, టార్పాలిన్ మిషను మీద పెట్టి, టీ కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

ఆమెకి అడగాల్సిన అవసరం లేదు. గురువారం నుంచీ కట్టెలు ఆయనే మోసుకొస్తున్నాడు. మోకాలు నొప్పి మనిషి! అన్నకి నా మీద ఎంత జాలి అని అప్పటిదాకా అనుకుంది పిచ్చిది. లేచి వెనక్కి వెళ్ళింది. కట్టెలు దొర్లిన చప్పుడు వినిపించింది. తడిసిన కర్ర తెచ్చి, ఆయన పళ్ళెం పక్కన పెట్టింది.

"తిను."

"నీ మంచికేనే..."

"ఆ మాటొక్కటీ అనకు."

"మధ్యాహ్నం ఎలా కురిసిందో నువ్వే చూశావుగా! మధ్యలో చిక్కుకుంటే?"

"మధ్యాహ్నానికి నేను అవతల ఉండేదాన్ని."

"ఒక్కడినే ఎలా ఉండనే ఇక్కడ?" అనేశాడు. ఎట్టకేలకు ఒక నిజం బయటికి వచ్చింది. చేతులు కాలాక.

ఆమె నిలబడే ఉంది. గొంతు పెంచలేదు. "ఆ మాట సోమవారం అనుండాల్సింది. పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని. ఏమో, ఆగిపోయేదాన్నేమో కూడా. నువ్వేం చేశావు? కిటికీ దగ్గర కూర్చోబెట్టి నా చేత కొండని తిట్టించావు. నీ పక్కనే కూర్చుని, నువ్వు పెట్టిన టీ తాగుతూ తిట్టాను అన్నయ్యా."

ఆమె ఏదైనా విసిరికొడితే బాగుండుననుకున్నాడు ఆయన. ఆమె మిషను దగ్గర కూర్చుని పాలబండి టార్పాలిన్ కుట్టసాగింది. సాయంత్రం వాన వెలిశాక గొడుగు తీసుకుని బజారుకి వెళ్ళొచ్చింది.

ఆదివారం ఎండ కాసింది. పైనుంచి మంచు తోసే యంత్రం దిగి వచ్చింది (దానికి కర్రతో పనిలేదు), రోడ్డు నల్లగా తేలింది. గేటు దగ్గర బండ్లు బారులు తీరాయి. చెల్లెలు పెట్టెతో బయటికి వచ్చింది. పెట్టె తేలిగ్గా ఉంది. ఉన్ని శాలువా మంచం మీదే మడతపెట్టి ఉంది.

"ఎక్కడికే? ఆ ఉద్యోగం పోయిందిగా?" అని ఆయన వెంటపడ్డాడు. "నేనొస్తా. తప్పు నాదేనని వాళ్ళతో చెప్తా. కాళ్ళు పట్టుకుంటా కావాలంటే."

"నా తర్వాత ఉన్నామె నిన్ననే చేరిపోయింది. ఫోన్ చేసి కనుక్కున్నా. వంటగదిలో గిన్నెలు తోమడానికి మనిషి కావాలన్నారు. వస్తానన్నాను."

"గిన్నెలా? బంగారంలాంటి విద్య చేతిలో పెట్టుకుని గిన్నెలు తోముతావా? ఇక్కడ నీకేం తక్కువ చేశానే?"

ఆమె వెళ్ళి చివర నిలబడిన వ్యానెక్కి, కిటికీ పక్కన కూర్చుంది.

ముందు బండ్లన్నీ ఆపుకుని ఆయన వ్యాను దగ్గరికి వచ్చాడు. అద్దం మీద ఆమె ఊపిరి ఆవిరి పడుతోంది. కర్ర డ్రైవరుకిచ్చి, అక్కడే నిలబడ్డాడు. కళ్ళు నీళ్ళతో నిండాయి, తుడుచుకోలేదు. ఆమె పక్క సీటులో ఒడిలో సంచీ పెట్టుకుని కూర్చున్న పెద్దావిడకి జాలేసినట్టుంది. ముందుకి వంగి అడిగింది:

"మీవాళ్ళా అమ్మా? పాపం, నీ కోసమే నిలబడినట్టున్నారు."

చెల్లెలు ఆయన వైపు చూసింది. దారిన పోయేవాళ్ళని చూసినట్టే చూసింది.

"కాదండీ. గేటాయన."

పెద్దావిడ ఇంకా నమ్మకం కుదరక ఆయన మొహంలోకే చూస్తోంది. ముందు బండ్లలోంచి ఎవరో హారన్ కొట్టారు.

"అవునమ్మా," అన్నాడు ఆయన. "గేటు చూస్తాను నేను."

అని చెప్పి, వెళ్ళి అడ్డగడ ఎత్తాడు.