రేపల్లె బండిలో డచ్ దెయ్యం

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే ప్యాసింజరులో నా ఎదుట కూర్చున్న టీచరుగారు, ఫోనులో చూసిన ఓ దెయ్యం సినిమా కథ పక్కావిడకి చెబుతున్నారు. విని ఉలిక్కిపడ్డాను. నాలుగు డబ్బులతో చుట్టేసిన ఆ డచ్ సినిమా మీద ముందు వారమే హైదరాబాదులో కూర్చుని రివ్యూ రాశాను. ‘దెయ్యం భయపెట్టదు, దాని విగ్గు జారుతుందేమోనన్నదే భయం’ అని చమత్కరించాను. చదివినవాళ్ళెవరూ నోరు మెదపలేదు.

ఆవిడ కథకి మాత్రం వేమూరు వచ్చేసరికి సగం పెట్టె మా సీట్ల చుట్టూ మూగింది. నాకు ఒళ్ళు మండింది.

“ఆ సినిమాలో భయమే లేదండి,” అన్నాను ఉండబట్టలేక.

“అది భయపెట్టడానికి రాలేదు బాబూ. వచ్చిన ప్రతిసారీ వంటింట్లోకే వెళ్ళింది, చూశారా? తద్దినం పెట్టే దిక్కు లేదు పాపం. ఆకలికొచ్చింది.”

“అయ్యో, ఆ ఇంటివాళ్ళు ఓ ముద్ద పెడితే పోయేదిగా టీచరుగారూ!” అంది వెనక నిలబడ్డ ఒకావిడ. ఎవరూ నవ్వలేదు. ఎక్కడో హాలండు దెయ్యం గురించి, సొంత మేనత్త పస్తులున్నట్టు బాధపడుతున్నారు.

వంటింటి సంగతి నేను గమనించనే లేదు. అదే కడుపుమంట.

రేపల్లెలో దిగి, స్టేషను బల్ల మీదే నా రివ్యూ తెరిచి, ‘ఆ దెయ్యం ఆకలికొచ్చింది’ అని నా మాటగా చేర్చాను. సాయంత్రానికి మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. అందరూ ఆ ఒక్క వాక్యాన్నే పొగిడారు.

విగ్గు ఊసు ఇప్పటికీ ఎవరూ ఎత్తలేదు.