ముత్తయ్యకు ఇవ్వని మూడో ముక్క

2007 జూన్‌లో నన్ను హైదరాబాద్ ఆఫీసు నుంచి ఖమ్మం వేశారు. హోదా సోర్సింగ్ ఆఫీసర్. పేరుకు ఆఫీసరునే గానీ నా కింద పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరు. కిరాయికి తీసుకున్న ఒక గది, ఒక కంప్యూటర్, ఒక డిజిటల్ కెమెరా, అరల మీద వరసగా పేర్చిన రాతి ముక్కలు. అంతే ఆఫీసు. అంతకుముందు ఇరవై ఏళ్లు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను కాబట్టి ఈ జిల్లా రాయి నాకు కొట్టిన పిండి. ఆ గర్వం కాస్త ఎక్కువగానే ఉండేది.

మా సంస్థ ఏం చేస్తుందో అప్పట్లో చాలామందికి అర్థమయ్యేది కాదు. ఇంటర్నెట్‌లో రాళ్లు అమ్ముతాడట అని మా బంధువులు నవ్వుకునేవారు. మాది ఆర్కిటెక్టులకు బిల్డింగ్ మెటీరియల్ శాంపిల్స్ పంపే వెబ్‌సైటు. ఆర్కిటెక్టు తన ఆఫీసులో కూర్చుని కంప్యూటర్‌లో రాయి, పెంకు, చెక్క, టైలు చూసి, నచ్చినవాటి మీద గుర్తు పెడితే మేము ఆ ముక్కలను పెట్టెలో సర్ది కొరియర్ చేసేవాళ్లం. ప్రతి ముక్క వెనకా ఒక కార్డు ఉంటుంది. కోడ్ నంబరు, ఎక్కడ దొరుకుతుంది, ఏ సైజుల్లో వస్తుంది, ఎన్ని రోజుల్లో సరఫరా అవుతుంది అన్నవి దాని మీద రాసి ఉంటాయి. ఆ కార్డు రాసే పని సోర్సింగ్ ఆఫీసర్‌ది.

ఆర్డరు ఖాయమైతే ఇంకో పద్ధతి ఉంది. ఆమోదించిన శాంపిల్‌ను మూడు ముక్కలు చేసి, మూడింటి మీదా సంతకాలు చేసి, ఒకటి ఆర్కిటెక్టుకు, ఒకటి మాకు, ఒకటి సరుకు తయారుచేసేవాడికి ఇవ్వాలి. దాన్ని కంట్రోల్ శాంపిల్ అంటారు. వచ్చిన సరుకును ఆ ముక్క పక్కన పెట్టి చూస్తారు. సరిపోలితే దింపుకుంటారు, లేకపోతే లారీ వెనక్కి తిప్పుతారు.

ఆ ఏడాది హెడ్డాఫీసు నుంచి ఒక కొత్త ఆదేశం వచ్చింది. రాయి చాలు, అడవి వైపు దొరికే వెదురు పని కూడా లిస్టులో పెట్టమన్నారు. వర్షాలు తగ్గాక భద్రాచలం దగ్గర వంతెన దాటి పర్ణశాల రోడ్డున వెళ్లాను. అక్కడ ఒక ఊరి చివర మూడు మేదరి ఇళ్లున్నాయి. ఫారెస్టు డిపోలో కార్డు మీద వెదురు తెచ్చుకుని గంపలు, చాటలు, తడకలు అల్లుతారు. ఆ మూడిళ్లకూ పెద్ద ముత్తయ్య. యాభై దాటిన మనిషి, మితభాషి. మాట్లాడే బాధ్యత ఆయన భార్య సమ్మక్కది.

నా పని ఏమిటో చెప్పి, వాళ్ల తడక శాంపిల్ ఒకటి కావాలన్నాను. ముత్తయ్య వాకిట్లో ఆరబెట్టిన కొత్త తడకల వైపు చూడనైనా చూడలేదు. ఇంట్లోకి వెళ్లి, పొయ్యి పైన కట్టిన పాత తడక అంచు కత్తితో కోసి, ఆ ముక్కను గుడ్డతో తుడిచి తెచ్చాడు. ముదురు తేనె రంగు. చేత్తో రాస్తే పాలిష్ పట్టినట్టు నున్నగా ఉంది.

"చూడు సారు, పురుగు తాకలే. మా పని గిట్లుంటది" అన్నాడు.

ఇలాంటివే చేసి ఇస్తారా అని అడిగాను.

"అవ్ సారు, గిదే అల్లిక. ఎన్నంటే అన్ని అల్లుతం."

అంతకుమించి నేనేమీ అడగలేదు. పురుగు సంగతి ఆయన సరుకును పొగుడుకోవడం అనుకున్నాను. ఖమ్మం వచ్చి ఫోటో తీసి, కార్డు మీద రంగు ముదురు గోధుమ అనీ, సరఫరా గడువు రెండు నెలలు అనీ రాసి, వెబ్‌సైటులో పెట్టాను.

నెల తిరగకుండానే ఆర్డరు వచ్చింది. హైదరాబాద్‌లో శైలజ గారని ఒక ఆర్కిటెక్టు, గోదావరి ఒడ్డున అడవిని ఆనుకుని ఒక గెస్ట్‌హౌస్ కడుతున్నారు. గదుల సీలింగ్ అంతా ఆ తడకలతోనే వేయాలని నిర్ణయించారు. నూట ఇరవై తడకలు. ఆమె ఆ రంగును చూసే గోడల సున్నం, నేల రాయి ఎంచుకున్నారు. శాంపిల్ మీద సంతకాల వేళకు చిన్న ఇబ్బంది వచ్చింది. ముత్తయ్య ఇచ్చిన ముక్క జానెడే. కోస్తే రెండు ముక్కలే అయ్యాయి. ఒకటి ఆమెకు, ఒకటి మాకు. సరుకు అల్లేది ఆయనే కదా, ఆయనకు ముక్కతో ఏం పని అనుకుని, మూడో సంతకం గడిలో నా పొడి అక్షరాలు వేసేశాను.

ముత్తయ్యకు కబురు చెప్పడానికి వెళ్లినప్పుడు ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆ సీజన్‌లో మూడిళ్లవాళ్లూ మిరప రైతులకు గంపలు అల్లుతారు. కోతలు మొదలయ్యేలోపు గంపలు చేరాలి. ఏళ్ల తరబడి అడిగేదీ లేదు, చెప్పేదీ లేదు, రైతులు వచ్చి తీసుకుపోవడమే. తడకలు పట్టుకుంటే గంపలు వదులుకోవాలి. ఒక్కసారి గంపలు అందకపోతే రైతు మళ్లీ ఈ గడప తొక్కుతాడో లేదో అని ఆయన భయం. నేనే నచ్చజెప్పాను. ఇది ఒక్క ఆర్డరుతో పోయేది కాదు, ఒకసారి పేరు వెబ్‌సైటులోకి ఎక్కితే దేశమంతా చూస్తుందని ఉపన్యాసం ఇచ్చాను. చివరికి సమ్మక్క సరేనంది. మూడిళ్లవాళ్లూ రెండు నెలలు వేరే పని ముట్టలేదు.

జనవరి మొదటి వారంలో సరుకు సైటుకు చేరింది. శైలజ గారు తన దగ్గరున్న ముక్కను మొదటి తడక పక్కన పెట్టారు. తడక పచ్చి మీద ఉంది. కొన్ని చోట్ల పసుపు, కొన్ని చోట్ల ఇంకా ఆకుపచ్చ ఛాయ. అల్లిక మాత్రం అచ్చంగా అదే. ఆమె గొంతు పెంచలేదు. ఒక్కొక్కటిగా పాతిక తడకలు చూసి, తాను ఆమోదించిన సరుకు ఇది కాదని కాగితం మీద రాసిచ్చారు. ఆమె చేసింది నిబంధనల ప్రకారం సరైనదే. నేను ఆమె కుర్చీలో ఉన్నా అదే చేసేవాడిని.

సరుకు తిరస్కరిస్తే ఆ రోజే వెబ్‌సైటులో కారణం నమోదు చేయాలి. అక్కడి జాబితాలో రెండే ఉంటాయి. సప్లయర్ లోపం, లేదా సంస్థ లోపం. భద్రాచలంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని మొదటిదాని మీద నొక్కాను. నొక్కగానే సప్లయర్ పేరు ఎర్రగా మారి, లిస్టు నుంచి తప్పుకుంటుంది. ఆ తర్వాత ముత్తయ్య ఇంటికి వెళ్లాను. చాలా కోపంగా ఉన్నాను. చూపించింది ఒకటి, పంపింది ఒకటి, నా పరువు తీశావని నోటికొచ్చినట్టు అన్నాను. ముత్తయ్య వెదురు దబ్బలు చీరే కత్తి కింద పెట్టాడు.

సమ్మక్క ఊరుకోలేదు. "ఏంది సారు, గట్లంటవ్? నువ్ తీస్కపోయిన ముక్క మా అత్త అల్లింది. పద్నాలుగేండ్ల సంది పొయ్యి మీద పొగ తాగింది. మొన్న అల్లిన తడకకు ఆ రంగు ఎట్లొస్తది?"

అలాంటప్పుడు ఆ రోజు పాతది ఎందుకు ఇచ్చారని అడిగాను.

"కొత్తోళ్లొచ్చి పని చూపియ్యమంటే పాతదే చూపిస్తం. కొత్తది ఎవ్వరల్లినా మంచిగనే కనబడ్తది. ఏండ్లు గడిస్తెనే గద అల్లినోని పని తెలిసేది."

ఆ వైపు రైతులు కూడా అలాగే చూస్తారట. మొదటిసారి గంపలు అడగడానికి వచ్చినవాడు ఇంట్లో పాత గంప తిరగేసి, అంచు లాగి చూసి, అప్పుడు మాట ఖాయం చేస్తాడు. వచ్చే గంప పచ్చగా ఉంటుందని వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మాకు శాంపిల్ అంటే రేపు వచ్చే సరుకు. వాళ్లకు అది నిన్నటి పనికి రుజువు. ఇరవై ఏళ్లు రాయితో గడిపినవాడిని. కోసిన రోజు ఏ రంగో, పదేళ్లకూ అదే రంగు. వస్తువుకు వయసు ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

అప్పుడు ముత్తయ్య నోరు తెరిచాడు. "ఆ ముక్కతోని పోల్చి సూస్తరని నాకెవ్వరు జెప్పలే సారు."

ఆయనకు చేరాల్సిన మూడో ముక్క చేరి ఉంటే, చేతిలోకి తీసుకున్న క్షణంలోనే సంగతి చెప్పేసేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు నేను చేసి ఆయన మీద అరిచాను. సిగ్గేసింది. తప్పు నాదేనని వాళ్ల ముందే అన్నాను కూడా.

ఖమ్మం తిరిగి వచ్చి, కారణం మార్చాలని రీజినల్ మేనేజర్‌కు ఉత్తరం రాశాను. ఆయన ఫోన్ చేసి, ఫైలు మూసేశాక తెరవడం దేనికని విసుక్కున్నారు. మూడో సంతకం గడిలో ఉన్నది నా అక్షరాలని చెప్పాక ఫైలు తెరిచారు. సంస్థ లోపం కింద నమోదు చేశారు కాబట్టి తడకలు డబ్బు కట్టి సంస్థే తీసుకుంది, ముత్తయ్య పేరు మళ్లీ లిస్టులోకి వచ్చింది. నాకు ఒక మెమో ఇచ్చి, ఇకమీదట రాయి తప్ప వేరే మెటీరియల్ ముట్టవద్దన్నారు. ఆ తడకలు గోడౌన్‌లో చాలాకాలం పడి ఉన్నాయి. కొన్ని గ్రానైట్ పెట్టెల అడుగున పరవడానికి పనికొచ్చాయి.

మెమోకు జవాబుగా నేను కార్డులో మూడు వరుసలు చేర్చమని రాశాను. ఈ ముక్క ఎప్పటిది, ఇన్నాళ్లూ ఎక్కడ ఉంది, దీని పక్కన ఈ వారం చేసినది పెట్టి చూశారా. హెడ్డాఫీసు ఒప్పుకుంది. నేను రిటైరయ్యేవరకూ ఆ కార్డే నడిచింది.

ఫిబ్రవరిలో, పేరు తిరిగి చేర్చిన కాగితం ఇవ్వడానికి ఆఖరిసారి ఆ ఊరు వెళ్లాను. ముత్తయ్య ఇంట్లో లేడు, చేనికి పోయాడని పక్కింటివాళ్లు చెప్పారు. రోడ్డు పక్కనే చేను. గంపలు అందక రైతులు భద్రాచలం నుంచి ప్లాస్టిక్ టబ్బులు తెచ్చుకున్నారు. మిరప సాళ్లలో కూలీల మధ్య వంగి, ముత్తయ్య కాయలు కోసి టబ్బులో వేస్తున్నాడు. నన్ను చూసి గట్టు మీదికి వచ్చి, కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చే ఏడు మల్ల గంపలడుగుతరో లేదో సారు. టబ్బు శాన ఏండ్లొస్తదంటున్రు" అని చెప్పి మళ్లీ సాలులోకి వెళ్లాడు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ముక్కను చేతిలోకి తీసుకునే ముందు ఇది ఎప్పటిదని అడగాలి. ఆ రోజు అడగనిది నేను. కూలికి పోయింది ముత్తయ్య.