సరే అంటే మోగే యంత్రం

వినాయక నిమజ్జనం ఇంకా కొన్ని వారాలుందనగా నా మెడ పట్టేసింది. దిండు తేడాగా పెట్టుకుని పడుకుంటే పట్టేస్తుందే, అలాంటిది కాదు. హైటెక్ సిటీలో లాప్‌టాప్ ముందు ఏళ్ల తరబడి తాబేలులా తల ముందుకు చాచి కూర్చున్నందుకు మెడ ఒక్కసారిగా కసి తీర్చుకుంది. ఎదురుగా చూడగలను, కిందికి చూడగలను. తల పైకెత్తితే మాత్రం భుజం దాకా కరెంటు కొట్టేది. లిఫ్టులో ఎన్నో అంతస్తు వచ్చిందో పక్కవాళ్లను అడిగేవాణ్ని. ఫ్యాను తిరుగుతోందో లేదో గాలిని బట్టి ఊహించుకునేవాణ్ని.

నా దిగులల్లా మా అమ్మాయి గురించే. అప్పుడది ఒకటో తరగతి. నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ వినాయకుణ్ని చెరువుకు తీసుకెళ్లే రోజు అది నా భుజాల మీదెక్కి, నా జుట్టు కళ్లెంలా పట్టుకుని ఊరేగింపంతా చూడాలి. దానికి నడక వచ్చిన దగ్గర్నుంచీ ఇదే ఏర్పాటు. "నాన్నా, అప్పటికి నీ మెడ బాగైపోతుందా?" అని రోజూ అడిగేది. అయిపోతుందమ్మా అనేవాణ్ని. ఎలా అవుతుందో నాకూ తెలీదు.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసు క్యాంటీన్ గోడ మీద ఒక ప్రకటన అంటించారు. ఫిజియోథెరపీలో పీజీ చేస్తున్న ఒకమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మెడనొప్పి మీద పరిశోధన చేస్తోందట. మెడనొప్పి ఉన్నవాళ్లు కావాలట. మెడనొప్పి లేనివాళ్లు కావాలంటే వెతుక్కోవాలి గానీ మా దగ్గర ఉన్నవాళ్లకేం కరువు? చెప్పిన టైముకి మీటింగ్ రూమ్ నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఆ అమ్మాయిది చందానగర్. మాట నిండా తెలంగాణ, మనిషి మహా నిక్కచ్చి. మా ఒక్కొక్కరి మెడ వెనక అగ్గిపెట్టెంత యంత్రం అతికించింది. తల ముందుకు వాలినా, పక్కకు ఒరిగినా అది బీప్ మంటుంది. మోగగానే గడ్డం వెనక్కి లాగి నిటారుగా కూర్చోవాలి. ఎప్పుడు ఎక్కువ మోగుతోందో చూస్తే మేము మెడను ఏ పనిలో హింస పెడుతున్నామో తెలుస్తుంది. ఇదీ పరిశోధన.

"స్నానం చేసేటప్పుడు తీసెయ్యుండ్రి. మిగతా టైమంతా ఉండాలె. అర్థమైందా?" అంది.

రూమంతా బీప్ మంది.

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. "ఏంది? అందరు సీదానే కూసున్నరు గదా? జర కదలకుండ కూసోండి, సరేనా?"

మళ్లీ బీప్.

ఆ యంత్రాన్ని ఏ దేశంలో తయారుచేశారో గానీ, అక్కడి మనుషులు ఒప్పుకునేటప్పుడు తల పక్కలకు ఊపరని ఆ రోజు తేలిపోయింది. మనకు నోటితో అనే సరే మర్యాద కోసం. అసలు సరే చెప్పేది తల. అది అటూ ఇటూ ఊగకుండా తెలుగువాడు దేనికైనా ఒప్పుకోగా నేను ఇంతవరకూ చూడలేదు.

"తలకాయ ఊపొద్దు సార్. నోటితోని చెప్పుండ్రి" అంది ఆ అమ్మాయి.

మా టీములో గోదావరి జిల్లా సీనియర్ ఒకాయన పెద్దరికంగా ముందుకొచ్చాడు. "అదెంత పనమ్మా" అన్నాడు. బీప్. ఆయనకు రోషం వచ్చింది. రెండు చేతులతో తల గట్టిగా పట్టుకుని, "సరేనమ్మా" అన్నాడు. ఈసారి నడుం దగ్గర్నుంచి మనిషి మొత్తం ఊగాడు. యంత్రం ఇంకా గట్టిగా మోగినట్టు అనిపించింది.

మేమంతా పడీపడీ నవ్వాం. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఇగ నా థీసిస్ అయినట్టే" అంది, ఏడుపు ఒక్కటే తక్కువ. చూస్తే జాలేసింది. అందరం కలిసి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాం. పరిశోధన అయ్యేదాకా ఎవరేం అడిగినా సరే అనకూడదు, "చూస్తాను" అనాలి. చిత్రమేమిటంటే చూస్తాను అనేటప్పుడు తల కదలదు. మీరూ అని చూడండి.

అలవాటు పడటానికి టైం పట్టింది. మా మేనేజరుది గుంటూరు వైపు. "మీకేం ఇబ్బంది లేకపోతేనేనండీ" అని మొదలుపెట్టి, శనివారాన్ని మొత్తం పట్టుకుపోయే మనిషి. సాయంత్రం కాల్‌లో ఆయన ఏదో అడిగేవాడు. నేను నోరు తెరిచేలోపు మెడ వెనక బీప్ మనేది. "థాంక్సండీ" అని కాల్ పెట్టేసేవాడు. ఇంట్లో మా అమ్మాయి కూడా కనిపెట్టేసింది. "నాన్నా, ఇంకొక్క కార్టూన్?" బీప్. "అమ్మా, నాన్న సరే అన్నాడు!"

మొత్తానికి ఒక రోజు, ఇంటి నుంచి పనిచేస్తుండగా, మేనేజరు అడిగినదానికి మెడ బిగపట్టి "చూస్తానండి" అన్నాను. "మీ ఆరోగ్యం బానే ఉందాండీ?" అన్నాడు ఆయన, నిజంగానే కంగారుపడుతూ. ఆ పని ఇంకొకరికి ఇవ్వబోయాడు. ఆ ఇంకొకరూ పరిశోధనలో ఉన్నవాళ్లే, చూస్తానండి అన్నారట. చివరికి మేనేజరే ఆ శనివారం కూర్చుని చేసుకున్నాడు. సోమవారం మెడ పట్టుకుని వచ్చాడు.

నేను ఆ మాట అన్న రోజు రాత్రే మా అమ్మాయి వంటింట్లో వాళ్లమ్మను అడుగుతుంటే వినపడింది. "అమ్మా, చూస్తానండి అంటే ఏంటి?"

"చెయ్యను అని. మీ నాన్నకు మొహం మీద కాదనడం రాదులే" అంది మా ఆవిడ పోపు వేస్తూ.

నాకు కోపం వచ్చింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు గనక ఇంకా ఎక్కువ వచ్చింది.

శనివారాలు మిగిలాయి. గడ్డం వెనక్కి లాగే వ్యాయామం క్రమం తప్పకుండా చేశాను. క్యాబ్‌లో చేస్తుంటే డ్రైవరు అద్దంలో చూసి, తన వాసన గిట్టలేదనుకుని కిటికీ దించాడు పాపం. నొప్పి మెల్లగా భుజం వదిలింది, తర్వాత మెడా వదలసాగింది. ఇది వ్యాయామం మహిమా, పని తగ్గిన మహిమా అని ఆ అమ్మాయిని అడిగాను. "రెండూ ఉండొచ్చు సార్. కానీ థీసిస్‌ల ఒక్కటే రాస్త" అంది.

నిమజ్జనానికి ముందు చివరిసారి కొలతలు తీసి, నా మెడ మీది యంత్రం విప్పి తీసేసుకుంది. ముఖం వెలిగిపోతోంది. అదే అదనుగా అడిగాను, పాపను భుజాల మీద ఎక్కించుకోవచ్చా అని.

"అస్సలొద్దు సార్! ఇప్పుడిప్పుడే సెట్ అయితున్నది. బరువు పడ్డదంటే మళ్ల మొదటికొస్తది."

"చూస్తాను" అన్నాను.

"నా దగ్గరనే చెప్తున్నరా ఆ మాట?" అంది.

నిమజ్జనం రోజు సాయంత్రం డీసీఎం వ్యాను మీద వినాయకుడు బయల్దేరాడు. ముందు తీన్‌మార్ డప్పులు, చుట్టూ జనం. మా అమ్మాయికి అందరి నడుములు తప్ప ఏమీ కనపడటం లేదు. పక్క ఫ్లాటు పిల్ల వాళ్ల నాన్న భుజాల మీద నుంచి దీనికి చెయ్యూపింది. ఇది నా చొక్కా లాగింది.

"నాన్నా, ఎక్కించుకోవా?"

కాదనడానికి నాకు నోరెలా వస్తుంది? "చూస్తానమ్మా" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. "అది మీ సార్‌కి చెప్పేది కదా. నాకు నిజం చెప్పు."

డప్పుల మోత మధ్య నాకు సిగ్గేసింది. కిందికి వంగి దాని చెవి దగ్గర చెప్పాను. "ఎత్తలేనమ్మా. నా మెడ ఇంకా పూర్తిగా బాగవలేదు. ఎత్తితే మళ్లీ పాడవుతుంది." జన్మలో అంత సూటిగా ఎవరికీ కాదని చెప్పలేదు. మొదటిసారి చెప్పింది దానికే. ఏడుస్తుందేమోనని గుండె గట్టి చేసుకున్నాను.

"సరే" అంది, తల అచ్చం నాలాగే పక్కకు ఊపి. తిరిగి వాళ్లమ్మను పిలిచింది. "అమ్మా, నువ్వు ఎక్కించుకో!"

మా ఆవిడ చున్నీ నడుముకు బిగించి, చెప్పులు నా చేతిలో పెట్టి, దాన్ని ఒక్క ఊపున భుజాల మీదికి ఎత్తుకుంది. అంత బలం ఉందని నాకే తెలీదు. చెప్పులు పట్టుకుని వాళ్ల వెనకే నడిచాను. ఇన్నాళ్లూ అది నా నెత్తి మీద ఉండేది గనక ఊరేగింపు చూసేటప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు.

"నాన్నా, నేను కనపడుతున్నానా?" అని పైనుంచి అరిచింది.

తలెత్తి చూశాను. నోరంతా తెరిచి నవ్వుతోంది, చెంప మీద గులాల్. మెడ ఎక్కడా పట్టలేదు. ఆ మోతలో మాట వినపడదని, దానికి కనపడేలా తల ఊపాను.